పాట కోసం వేసిన పచ్చిక, పల్లంలోని బావి

మా ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంటులో నేనొక్కదాన్నే మట్టి మనిషిని. పై అంతస్తులో ఎడిటరు, కింద డబ్బింగ్ చెప్పే ఆవిడ, పక్క ఫ్లాటులో ఫైట్ మాస్టరు, మా ఇంట్లో సౌండ్ రికార్డిస్టు, అంటే మా ఆయన. లిఫ్టులో ఎవరు కలిసినా ఏ సినిమా ఎప్పుడు విడుదలన్న మాటే. నేను మాత్రం భూసార పరీక్షా కేంద్రంలో ముప్పై మూడేళ్ళు పనిచేసి, చేతిసంచిలో మట్టి పొట్లాలు పెట్టుకుని అదే లిఫ్టు ఎక్కేదాన్ని. ఒకసారి పొట్లం చినిగి ఎర్రమట్టి లిఫ్టంతా రాలింది. "గిదేం సెట్టుది మేడం" అని వాచ్‌మన్ అడిగాడు. సెట్టు కాదు నాయనా, ఎవరిదో పొలం అన్నాను. నమ్మినట్టు లేదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. ట్రాన్స్‌ఫర్లెలా ఉంటాయి, ప్రమోషన్‌కి ఎన్నేళ్ళు పడుతుందని అడుగుతారు. అవి మీకెలాగూ తెలిసొస్తాయి. నాకు చెప్పాలనిపించేది వేరే. ఒక బాసు, నేను చేసిన రెండు తప్పులు, ఒక బావి. ఆ బావి నీళ్ళ మూలంగా పుట్టింటి గడప తొక్కలేకపోయిన ఒక అమ్మాయి. ఉద్యోగమంతా నాకు వీటిలోనే అర్థమైంది. తలచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను.

ఎక్కడ తవ్వావు

నా మొదటి బాసు పేరు శేషగిరి గారు. మంచివాడని చెప్పను. అటెండర్ల మీద కేకలేసేవాడు. ఆడపిల్లవు, పొలాలకేం వెళతావు అని మొదటి ఏడాదంతా నన్ను ల్యాబులోనే కూర్చోబెట్టాడు. అది తప్పని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు, నేనూ ఎప్పుడూ క్షమించలేదు. కానీ మట్టి చేతిలోకి తీసుకుంటే ఆయన మరో మనిషి. తడిపి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఇది ఏ ఏటవాలు మీది, వానకి ఎంత కొట్టుకుపోయింది అని చెప్పేసేవాడు. తర్వాత మేం పరీక్ష చేస్తే చాలావరకు అదే తేలేది.

కొత్తలో ఒక రైతు మట్టి తెచ్చాడు. పరీక్షలో భాస్వరం దండిగా ఉందని వచ్చింది. ఈసారి భాస్వరం ఎరువు అక్కర్లేదని రాసిచ్చాను. ఆ ఏడు ఆయన పంట ఎదగలేదు. శేషగిరి గారు నన్ను జీపెక్కించుకుని ఆ చేనుకి తీసుకెళ్ళి, "ఆ మట్టి ఎక్కడిది?" అని రైతునడిగారు. ఆయన పెంటకుప్ప పక్కన చోటు చూపించాడు.

"మంచి మట్టి ఇస్తే మంచి రిపోర్టొస్తదనుకున్న సారూ" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పరీక్షంటే ఆయన బడి పరీక్షనుకున్నాడు, ఉన్నవాటిలో బలమైన మట్టిని ఏరి పంపాడు. తిరిగొచ్చేటప్పుడు శేషగిరి గారు, "అంకె తప్పు కాదమ్మా. అడగాల్సిన మాట ఒకటి నువ్వు అడగలేదు. ఎక్కడ తవ్వావయ్యా అని. నేల గురించి ఆ నేల మీద తిరిగేవాడినే ముందు అడగాలి" అన్నారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన ఒంటబట్టదని తెలుసుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

చెంబు నీళ్ళు

రిటైర్మెంటుకి మూడేళ్ళుందనగా వెంకటరత్నం గారు మా ఆయనతో ఒక సీసా నీళ్ళు పంపారు. ఆయన నిర్మాత, ఇల్లు జూబ్లీహిల్స్‌లో. మా ఆయన ఆయన సినిమాలకి చాలావాటికి పనిచేశారు. వికారాబాద్ వైపు ఆయనకి పద్నాలుగు ఎకరాల చేను ఉంది. అక్కడ ఇల్లు కట్టుకుందామని బోరు నీళ్ళు పరీక్షకి పంపారు. "అమ్మా, తాగొచ్చో లేదో చెప్పండి చాలు" అని ఫోనులో అన్నారు.

తాగకూడదు. నైట్రేట్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువగా ఉంది. పొలంలో చల్లిన యూరియా మట్టిలో మారి అయ్యే రూపమది. నీళ్ళలో ఇట్టే కరిగి కిందికి దిగుతుంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పసిపిల్లల ఒంట్లో చేరితే మాత్రం రక్తానికి ప్రాణవాయువు అందనివ్వదు.

ఆదివారం చేను చూడ్డానికి వెళ్ళాను. ఏటవాలు ఎర్ర నేల. మొక్కజొన్న, టమాటా, మళ్ళీ మొక్కజొన్న. పంటకీ పంటకీ మధ్య బోడిగా దున్ని వదిలేసిన నేల. పల్లంలో ముప్పై గడపల వాడ, వాళ్ళందరికీ కలిపి ఒక మంచినీళ్ళ బావి. ఆ బావి నీళ్ళు కూడా సీసాలో పట్టుకున్నాను. తర్వాత తేలిందేమిటంటే, అవి బోరు నీళ్ళకంటే అధ్వాన్నం.

చేను చూసుకునే మనిషి యాదగిరి. ఇల్లు ఆ వాడలోనే. ఆయన భార్య అంజమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి నా సీసా బయటికి తీసింది. పెద్దవాళ్ళు ఒక చెంబు తాగితే ఏమీ కాదు, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు అక్కడ లేరు. అయినా తీశాను. అంజమ్మ చెంబు లోపలికి తీసుకుపోయింది.

అప్పుడు యాదగిరి చెప్పాడు. వాళ్ళకొక్కతే కూతురు, స్వరూప. ఏడాది కిందట తొలికాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చారు. పాలు చాలక డబ్బా పాలు కలిపి పట్టారు. మూడో వారంలో బిడ్డ పెదాలు నీలంగా మారాయి. పట్నం ఆసుపత్రికి ఉరికారు. బిడ్డ బతికింది. ఏ నీళ్ళతో పాలు కలిపారని డాక్టరు అడిగాడట. ఆ మాట స్వరూప అత్తగారి చెవిన పడింది. తల్లినీ బిడ్డనీ ఆసుపత్రి నుంచి అటే తీసుకుపోయారు. అప్పట్నుంచి పండక్కి కూడా పంపలేదు.

"మరగబెట్టే పట్టినం మేడం" అంది అంజమ్మ లోపల్నుంచి. "ఒక్కపారి గాదు, రెండుపార్లు మరగబెట్టిన."

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మరిగిస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. అంజమ్మ ఎంత శ్రద్ధగా మరిగించిందో బిడ్డకి అంత ఎక్కువ పట్టింది. ఆ ముక్క ఆమెకి చెప్పడమా మానడమా అని చాలాసేపు కొట్టుకున్నాను. మరో ఇంట్లో మరో బిడ్డ ఉంటుందని చివరికి చెప్పాను.

యాదగిరి తన రెండు చేతులూ చూసుకున్నాడు. "ఏడేండ్ల సంది గా మందు జల్లింది నేనే మేడం. గీ చేతులతోనే" అన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు. "గీ బాయి మంచిగైతదా? నా బిడ్డ మళ్ళ ఇంటికొస్తదా?"

గాలికి ఊగుతుందా

మంచిగవుతుందని నాకు తెలుసు. ఎలాగో కూడా తెలుసు. ఏటవాలు చేనుని దున్నడం మానేసి గడ్డి వేస్తే, నేలని ఏడాది పొడుగునా వేర్లు పట్టుకుని ఉంటాయి. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు, మట్టి కదలదు. నేలలో మిగిలిన నత్రజని కిందికి దిగేలోపే గడ్డి వేర్లు పీల్చేసుకుంటాయి. చచ్చిన వేర్లు మట్టిలోనే కలిసి దానికి జిగురు ఇస్తాయి. ఈ మాట నేను మీటింగుల్లో ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఒక్క ఎకరమైనా మారలేదు. రైతులది తప్పనను. రెండెకరాలున్నవాడు గడ్డి వేసుకుని ఏం తింటాడు? చెప్పడం సుళువు, అందులోనూ నెల జీతం తీసుకుంటూ చెప్పడం మరీ సుళువు.

వారం తర్వాత రిపోర్టు పట్టుకుని వెంకటరత్నం గారింటికి వెళ్ళాను. హాల్లో పాట గురించి రభస నడుస్తోంది. దర్శకుడికి కొండవాలు నిండా పచ్చిక కావాలి. విదేశం వెళదామంటాడు. నిర్మాత గారు వెళ్ళేది లేదంటారు. ఆర్ట్ డైరెక్టర్ మురళి ఇద్దరి మధ్యా కూర్చుని స్కెచ్చులు మారుస్తున్నాడు. నేను ఒక మూల సోఫాలో రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"మీ చేనులోనే వేయండి. అదీ ఏటవాలే కదా."

అందరూ నావైపు తిరిగారు. వదిలితే మళ్ళీ దొరకని అవకాశమని తెలిసి గబగబా చెప్పుకుపోయాను. బావి సంగతి చెప్పాను, స్వరూప సంగతి చెప్పాను, అంజన్ గడ్డి గురించీ దాంట్లో కలిపే స్టైలో అనే పప్పుజాతి మేత గురించీ చెప్పాను. లాన్ షీట్లు పరిచేస్తే సరిపోదా అన్నాడు మురళి. వద్దు, వానకి బతికే గడ్డే కావాలన్నాను.

దర్శకుడు అంతా విని అడిగింది రెండే ప్రశ్నలు.

"ఎంతెత్తు పెరుగుతుందండీ?"

"మోకాలి దాకా."

"హీరోయిన్ నడుస్తుంటే గాలికి ఊగుతుందా?"

"బ్రహ్మాండంగా ఊగుతుంది" అన్నాను.

అంతే, పన్నెండు ఎకరాల భూ వినియోగం మారిపోయింది. ముప్పై ఏళ్ళ మీటింగుల్లో జరగనిది గాలికి ఊగుతుందన్న ఒక్క ముక్కతో జరిగింది. పైన రెండెకరాలు మాత్రం యాదగిరి మక్కజొన్న వేసుకోవడానికి వదిలారు. నాకు ఆ పూట నేల మీద కాలు నిలవలేదు. ఆ ఊపులో యాదగిరికి ఫోన్ చేసి, "ఏడాది తిరిగేసరికి బావి నీళ్ళు బాగుపడతాయి" అని మాటిచ్చేశాను. అది తెలివితక్కువ పని. నేల తరఫున గడువులు ఇచ్చే హక్కు మనకి లేదు.

తొలకరికి విత్తనం చల్లారు. భాద్రపదం నాటికి నేల కనబడకుండా గడ్డి కమ్మేసింది. ఒక రోజు అక్కడ పెద్ద వాన పడుతోందని యాదగిరి ఫోన్ చేస్తే, సెలవు పెట్టి కారు మాట్లాడుకుని పరుగెత్తాను. ఏటవాలులో ఒక పక్కనుంచి మక్కచేను నీళ్ళు దిగుతున్నాయి, మరో పక్కనుంచి పచ్చిక నీళ్ళు. రెండు సీసాల్లో పట్టాను. మక్కచేను సీసా ఇరానీ చాయ్ రంగులో ఉంది. పచ్చిక సీసాలోంచి నా వేళ్ళు కనబడుతున్నాయి. వానలో నిలబడి ఆ సీసా పైకెత్తి చూస్తూ నేను చిన్నపిల్లలా గెంతాను. యాదగిరి నా మీద గొడుగు పట్టుకుని, "జర పైలం మేడం, జారుతది" అంటూ నాతోపాటే నవ్వాడు. ఆ రెండు సీసాల ఫోటో మా డిపార్ట్‌మెంటులో పంపని మనిషి లేడు.

కానీ అది పైన పారే నీరు. మట్టి కొట్టుకుపోవడం మొదటి వానాకాలంలోనే తగ్గుతుంది. భూమి లోపలికి ఏడేళ్ళుగా దిగిన నైట్రేట్ అలా పోదు. పైనీరు తేటపడితే లోపలి నీరూ తేటపడిందనుకోకండి. నేను అనుకున్నాను.

ఖాళీ సంచులు

మాఘంలో పాట తీశారు. మా ఆయన కూడా వెళ్ళొచ్చి, పచ్చిక కళ్ళు చెదిరేలా ఉందన్నారు. నేను పొంగిపోయాను. మాఘమాసంలో ఆ గడ్డి ఎండుగడ్డి రంగులో ఉండాలి కదా, కళ్ళు చెదిరేలా ఎందుకుందన్న అనుమానం మట్టి చదువు చదివిన నాకే రాలేదు.

తర్వాతి వానలకి బావి నీళ్ళు పరీక్ష చేశాను. నైట్రేట్ తగ్గలేదు సరికదా, మొదటిసారి కంటే పెరిగింది. మళ్ళీ చేశాను. అదే అంకె. ఒళ్ళు మండిపోయింది. అనుమానం ఎవరి మీదికి పోవాలో వాళ్ళ మీదికే పోయింది. పైన రెండెకరాల మక్కచేను యాదగిరిదే కదా.

నేరుగా వాడకి వెళ్ళాను. బావి దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. అంజమ్మ కూడా అక్కడే ఉంది. వాళ్ళందరి ముందూ యాదగిరిని కడిగేశాను. "ఎన్ని సంచులు పోశావు నీ మక్కచేనికి? ఇదంతా ఎవరికోసం చేస్తున్నాను? నీ కూతురు కోసమే కదా? నీ చేత్తోనే మళ్ళీ బావిలో పోశావా?" అన్నాను. ఆ చివరి మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో నా చెయ్యి ఆగిపోతోంది.

యాదగిరి "జర రాండ్రి మేడం" అని చేను గుడిసె వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ ఖాళీ యూరియా సంచుల గుట్ట ఉంది. పక్కన ఆకుపచ్చ రంగు డబ్బాలు.

"షూటింగుకు ముంగట మూడుపార్లు జల్లిండ్రు. స్ప్రింక్లర్లు పెట్టి నీళ్ళు గొట్టిండ్రు. ఇంకా పచ్చగ గావాలె, కెమెరాల పచ్చగ గొడ్తలేదన్నరు. పచ్చగ గాని కాడ రంగు గొట్టిండ్రు. వద్దు సారూ, బాయిలకు దిగుతది అన్న. గడ్డి ఎయ్యమన్నది మీ మేడమే గదా, గామెకు తెల్వదా అన్నరు." ఒక ఖాళీ సంచి కాలితో పక్కకి జరిపాడు. "నా మక్కకు ఈయేడు నేను మందే ఎయ్యలె. పెంట దోలుకున్న. మీరు గూడ నన్ను అడగలె మేడం."

శేషగిరి గారు పోయి అప్పటికి చాలా ఏళ్ళు. అయినా ఆయన గొంతు నా చెవిలో గిర్రున తిరిగింది. ఎక్కడ తవ్వావని అడగని ఆ కొత్త పిల్లే యాభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ ఆ సంచుల ముందు నిలబడి ఉంది.

నలుగురి ముందు అన్న మాటని నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. వెనక్కి నడిచి బావి దగ్గరికి వెళ్ళి, ఆ ఆడవాళ్ళందరి ముందూ, "తప్పు నాది. యాదగిరి తప్పు ఏమీ లేదు. నన్ను క్షమించండి" అన్నాను. అంజమ్మ చేదతాడు వదలకుండానే, "అడిగితే అప్పుడే చెప్తుండె" అంది. అంతకంటే గట్టిగా నన్ను ఏ ఆఫీసరూ మందలించలేదు.

మురళి మీద నాకు కోపం లేదు. అతనికి గడ్డి అంటే రంగు. అది అతని వృత్తి. ఏ గడ్డో చెప్పాను, ఎంత ఎత్తో చెప్పాను, ఊగుతుందనీ చెప్పాను. యూరియా వేయొద్దన్న ఒక్క ముక్క చెప్పలేదు. గడ్డి వేశాం కదా అని నీళ్ళు వాటంతటవే బాగుపడవు. తినగలిగిన దానికంటే ఎక్కువ పెడితే గడ్డి కూడా మొక్కజొన్నలాగే మిగిలింది కిందికి వదిలేస్తుంది.

టీపాయ్ మీద రెండు గ్లాసులు

ఆ తర్వాత ఎవరూ సంచి విప్పలేదు. ఏడాదికి మూడుసార్లు బావి నీళ్ళు పరీక్ష చేస్తూ వచ్చాం. అంకె కొద్దికొద్దిగా దిగడం మొదలైంది. ఒక్కోసారి ఆగేది, మళ్ళీ దిగేది. ఈలోగా నేను రిటైరయ్యాను. వైశాఖంలో ఒక మధ్యాహ్నం యాదగిరి ఫోన్ చేశాడు.

"మేడం, స్వరూపకు మళ్ళ మూడో నెల. ఈపారి ఇంటికి తోల్కొద్దామనుకున్న. గని గురువారం ట్రాక్టర్లొస్తున్నయట. గడ్డంత దున్నేసి కూరగాయలకు కౌలుకిస్తరట."

మూడేళ్ళ పచ్చికని ఒక్కసారి దున్నితే ఏమవుతుందో మీకు చెప్పాలి. మూడేళ్ళుగా వేర్లు పట్టి దాచిన నత్రజని అంతా, ఆ వేర్లు కుళ్ళగానే ఒక్కపెట్టున విడుదలవుతుంది. తొలకరి దాన్ని నేరుగా బావిలోకి దింపుతుంది. పచ్చిక వేయకముందు కంటే నీళ్ళు పాడవుతాయి. అదీ సరిగ్గా స్వరూప కాన్పుకి వచ్చే రోజులకి.

ఈసారి ముందు అడిగాను. "యాదగిరీ, ఏం చేస్తే బాగుంటుందంటావు?" అతను ఆలోచించాడు. "సారుకు మాటలు జెప్తే ఇనడు. కండ్లకు జూపియ్యాలె" అన్నాడు. మర్నాడు బస్సులో రెండు రకాల మట్టి పెళ్ళలు పంపాడు, వేరువేరు డబ్బాల్లో, చిట్టీలు అంటించి. ఒక డబ్బాలో మక్కచేనివి, ఒక డబ్బాలో పచ్చిక కిందివి. అన్నీ ఎండలో ఒక రోజు ఆరబెట్టాను.

బుధవారం ఉదయం జూబ్లీహిల్స్ వెళ్ళాను. వెంకటరత్నం గారు ఎవరి కథో వింటున్నారు. మురళి కూడా ఉన్నాడు. నేను నమస్కారం పెట్టి, రెండు గాజు గ్లాసుల నిండా నీళ్ళు తెప్పించమన్నాను. టీపాయ్ మీద పెట్టించి రెండు డబ్బాల్లోంచీ ఒక్కో పెళ్ళ తీసి ఒకేసారి వాటిలోకి వదిలాను.

మక్కచేను పెళ్ళ నీళ్ళు తాకగానే పక్కల నుంచి రాలడం మొదలుపెట్టింది. కాసేపటికి కూలిపోయి అడుగున బురదైంది. గ్లాసంతా ఎర్రబడింది. పచ్చిక పెళ్ళ నుంచి నాలుగు గాలి బుడగలు పైకొచ్చాయి. తర్వాత అది అలాగే కూర్చుంది. చుట్టూ నీరు తేటగా ఉంది.

"ఇంకోసారి చేయండి" అన్నారు వెంకటరత్నం గారు.

చేశాను. మూడోసారి ఇంకో రెండు పెళ్ళలు తీసుకుని ఆయనే తన చేత్తో వదిలారు. తర్వాత లోపలికి కేకేసి వాళ్ళావిడని పిలిచి ఆవిడ చేత కూడా వదిలించారు. "ఒకే చేనా అమ్మా? ఇందులో ట్రిక్కేమీ లేదు కదా?"

"ఒకే చేను, ఒకే ఎర్ర నేల. ఒకటి ప్రతి పంటకీ దున్నింది, ఒకటి మూడేళ్ళుగా దున్ననిది. ఇది మీ గడ్డి మూడేళ్ళు కట్టిన సెట్టండీ. వేర్లు కట్టాయి, వానపాములు కట్టాయి. రేపు ట్రాక్టరు ఒక్క పూటలో కూల్చేస్తుంది. కూలిన సరుకంతా ఎక్కడికి దిగుతుందో మీకు తెలుసు. ఆ అమ్మాయి నవంబరులో కాన్పుకి పుట్టింటికి రావాలి."

ఆయన గ్లాసు వైపే చూస్తున్నారు. "మరి నేల ఊరికే ఉంచమంటారా?"

దానికీ సిద్ధపడే వెళ్ళాను. వట్టి చేతులతో వెళ్ళి త్యాగం చేయమంటే ఎవరు వింటారు? "గడ్డి కోసి పాడి డెయిరీలకి అమ్మొచ్చు, యాదగిరి బేరం కూడా మాట్లాడి ఉంచాడు. షూటింగులకి కిరాయికి ఇవ్వొచ్చు. ఒక్కటే షరతు. యూరియా వేయకూడదు, రంగు కొట్టకూడదు."

మురళి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "రంగుదేముంది సార్. ఎండాకాలంలో తీసినా పచ్చదనం తర్వాత కంప్యూటర్లో తెచ్చుకోవచ్చు. అప్పుడు కూడా తెచ్చుకోవచ్చేమో. నాకే తోచలేదు." అతను నావైపు చూడలేదు. నాకది చాలు.

వెంకటరత్నం గారు ఫోన్ తీసి ట్రాక్టర్లు వద్దన్నారు. ఆయన బావి మీద జాలితో చేశారా, గ్లాసులో కనబడిన దానికి ముచ్చటపడి చేశారా అంటే రెండోదే అనుకుంటాను. అయితేనేం. మీ ఉద్యోగంలో మనుషులు మంచి పని ఏ కారణంతో చేసినా చేయనివ్వండి, కారణాలు సరిదిద్దుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. నేను ఇంటికి నడిచే వెళ్ళాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

తోల్కరావచ్చా

వారం తిరక్కుండా యాదగిరి రెండు సీసాల్లో బావి నీళ్ళు పట్టుకుని ఫిల్మ్‌నగర్ వచ్చాడు. లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి వచ్చి, "చెప్పుండ్రి మేడం, తోల్కరావచ్చా" అన్నాడు.

చెప్పలేనన్నాను. ఒక్క సీసా చూసి అవుననడం, కాదనడం రెండూ తప్పే. వానలకి ముందు ఒకసారి, తొలి వానలప్పుడు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి చూడాలి. మా పాత ల్యాబులో నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు ఆఫీసరు. ఆమెకిచ్చాను. సీసాలు చూడగానే, "ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు, ఎవరు పట్టారు?" అని అడిగింది. నాకు ఆ క్షణం గర్వంతో కళ్ళు చెమర్చాయి.

మూడుసార్లూ హద్దులోపే వచ్చింది. తొలి వానలప్పుడు మాత్రం హద్దుకి దగ్గరగా ఉంది. అది దాచకుండా యాదగిరికి ఫోన్ చేసి చెప్పాను. "తోల్కరా యాదగిరీ" అన్నాను. "కానీ తల్లి పాలు చాలక డబ్బా పాలు పట్టాల్సొస్తే, ఆర్నెల్లదాకా వాటికి మాత్రం కొన్న నీళ్ళే. మరిగించి ఈ నీళ్ళు కలపొద్దు."

"గట్లనే మేడం. మీరు తోల్కరమ్మన్నరు, గంతే చాలు" అన్నాడు. అటువైపు అంజమ్మ ఏడుపు వినబడింది.

స్వరూపకి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు బిడ్డని తొట్టెలలో వేసే వేడుకకి నన్నూ మా ఆయన్నీ పిలిచారు. చలికాలం, పచ్చిక అంతా ఎండి బంగారు రంగులో ఉంది, ఎవరూ పచ్చగా చేయలేదు. వాడంతా అక్కడే ఉంది. రిపోర్టులు చూశాకే కోడల్ని పంపిన స్వరూప అత్తగారు కూడా వచ్చింది. మంచం మీద బిగుసుకుని కూర్చుంది, ఒళ్ళో కొన్న నీళ్ళ సీసా.

అంజమ్మ బావి నుంచి అప్పుడే తోడిన నీళ్ళు చెంబుతో తెచ్చి, అందరికంటే ముందు నా ముందు పెట్టింది. నా సంచిలో సీసా ఉంది. అంజమ్మకి తెలుసు, యాదగిరికి తెలుసు. అత్తగారు నన్నే చూస్తోంది. నేను చెంబెత్తి గుటకగుటకగా మొత్తం తాగేశాను. చల్లగా ఉన్నాయి.

"ఇంకింత పొయ్యాల్నా" అంది అంజమ్మ. పొయ్యమని చెంబు చాచాను.

అత్తగారు తన సీసా మూత గట్టిగా బిగించి మంచం కిందికి తోసింది. "వదినె, నాకు గూడ జర తెస్తవా" అంది.

అంజమ్మ చెంబు అక్కడే వదిలేసి, కడవ ఎత్తుకొచ్చింది.